రూపాయికి మూడు ప్రాణాలు

1990వ దశకం మొదట్లో మా ఎమ్మిగనూరు బస్టాండు వెనుక సందులో, ఒక రేకుల గదిలో రెండు వీడియో గేమ్ పెట్టెలు ఉండేవి. ఒకదానిలో కారు పందెం. రెండవదానిలో నల్లని ఆకాశం, పైభాగాన బారులు తీరిన రంగురంగుల పురుగులు, కింద ఒంటరిగా మన విమానం. పేరు రాసిన పైఅద్దం ఎన్నడో పగిలిపోయినందువలన ఆ ఆట పేరు గెలాక్సియన్ అనీ, జపానుకు చెందిన నామ్కో సంస్థ దానిని 1979లో విడుదల చేసిందనీ నాకు తెలియడానికి పదిహేనేళ్ళు పట్టింది. అంతవరకు మాకది 'పురుగుల ఆట'. పత్తి పండే సీమలో పెరిగినవాళ్ళం కనుక, బారులు కట్టి దిగివచ్చే శత్రువును పురుగు అనడమే మాకు సహజంగా తోచింది.

రూపాయి ఇస్తే అంగడి అన్న ఒక టోకెను చేతిలో పెట్టేవాడు. టోకెను వేస్తే మూడు విమానాలు. మేము వాటిని విమానాలనలేదు, ప్రాణాలన్నాము. రూపాయికి మూడు ప్రాణాలు. సూర్యుడు తూర్పున ఉదయించినంత స్థిరమైన సత్యంగా ఆ లెక్కను నమ్మాము.

పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చింది. చుట్టుపక్కల పల్లెల జనమంతా ఊళ్ళోనే ఉన్నారు. రేకుల గది ముందు వరుస. కండెల దారానికి నాయన ఇచ్చిన డబ్బులో మిగిలిన రూపాయితో నేను ఆ వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చి టోకెను వేస్తే రెండే విమానాలు వచ్చాయి. యంత్రం చెడిందనుకున్నాను. అంగడి అన్నను అడిగితే, "జాతర కదప్పా, ఈ వారం రెండే" అన్నాడు. ఆ రెండూ ఎంతసేపో నిలువలేదు. వెనక్కి తిరిగితే నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన అడిగిన మాట వేరు.

"రూపాయికి ఎన్ని ఇస్తాడురా?"

"మూడు నాయనా. జాతరని ఈ వారం రెండే అంట."

"రూపాయి మాత్రం అదే?"

"అదే."

నాయన కాసేపు ఆ పెట్టె వంకే చూసి, "మన షావుకారి లెక్కనే ఉంది గదరా. పోగులు పెంచె, కూలి పెంచకపాయ" అన్నాడు.

ఆ రోజుల్లో నాయన గుంటమగ్గం మీద, బయటి షావుకారు ఇచ్చిన నూలు నేసేవాడు. ఆ సంవత్సరమే అంగుళానికి వేయవలసిన పేక పోగులు పెరిగాయి, చీరకు ఇచ్చే మజూరి పెరగలేదు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు మాది. నియమం ఎవరు పెడతారు, ఎవరి లాభానికి పెడతారు అన్న ప్రశ్న మా ఊరి మగ్గాలకు కొత్త కాదు. దానిని ఒక వీడియో గేమ్ పెట్టెను కూడా అడగవచ్చునని మాత్రం నేను ఆ సాయంత్రమే తెలుసుకున్నాను.

ఆకాశయుద్ధపు వీడియో గేముల చరిత్రను చాలామంది బొమ్మల చరిత్రగా రాస్తారు. చుక్కలు గీతలయ్యాయి, గీతలు రంగులయ్యాయి, రంగులు లోతు సంపాదించుకున్నాయి అని. నేను దానిని నాయన ప్రశ్న వెంట చెప్పదలచుకున్నాను. డబ్బు వసూలు చేసే తీరు మారినప్పుడల్లా ఆట నియమం మారింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 2008లో వచ్చిన ఒక చిన్న ఆట. అక్కడికి చేరాలంటే మొదటి నుంచీ రావాలి.

* * *

మొదట్లో బిళ్ళ లేదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు కలిసి పి.డి.పి.-1 అనే కంప్యూటర్ మీద స్పేస్‌వార్ అనే ఆట రాశారు. మధ్యలో ఒక నక్షత్రం, దాని ఆకర్షణలో చిక్కుకోకుండా తిరుగుతూ ఒకదాన్నొకటి కాల్చుకునే రెండు నౌకలు. ఆ కంప్యూటర్ ఖరీదు లక్షా ఇరవైవేల డాలర్లు. అంత ఖరీదైన యంత్రం మీద ఆడినా ఆటగాడు చెల్లించవలసినది ఏమీ లేదు. కనుక ఆట ఎప్పుడు ముగియాలన్న చింత దానిని రాసినవారికి లేదు.

1971లో ఆ ఆటకు బిళ్ళ వచ్చి చేరింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గెలాక్సీ గేమ్ అనే పెట్టెను పెట్టి, ఆటకు పది సెంట్లు తీసుకున్నారు. అదే సంవత్సరం నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ రూపొందించిన కంప్యూటర్ స్పేస్ అంగళ్ళకు అమ్మకానికి వచ్చింది. ఇందులో బిళ్ళ కొనిపెట్టేది సమయాన్ని. గడువు తీరేవరకు ఎన్నిసార్లు చచ్చినా మళ్ళీ లేవవచ్చు. గడువు తీరిందా, ఎంత బాగా ఆడుతున్నా ఆట ముగిసినట్టే, శత్రువుకన్నా ఎక్కువ అంకెలు సాధించి ఉంటే తప్ప.

ఈ పద్ధతిని తలకిందులు చేసినది స్పేస్ ఇన్వేడర్స్. తైతో సంస్థలో పనిచేసే తొమోహిరో నిషికాదో దానిని తయారుచేశాడు. 1978లో విడుదలయింది. గోడను బంతితో పగలగొట్టే బ్రేక్‌అవుట్ అనే ఆట (1976) తనకు ప్రేరణ అని ఆయన చెప్పుకున్నాడు. బ్రేక్‌అవుట్‌లో ఆటగాడికి కొన్ని బంతులు మాత్రమే ఉంటాయి. ఆ అలవాటు పిన్‌బాల్ బల్లల నుండి వచ్చింది. పిన్‌బాల్ బంతి బ్రేక్‌అవుట్ బంతి అయింది, బంతి ఫిరంగి అయింది, ఫిరంగి మా ఊరి రేకుల గదికి వచ్చేసరికి ప్రాణం అయింది.

ఇప్పుడు బిళ్ళ కొనేది సమయాన్ని కాదు, తప్పులను. మూడు తప్పులు చేసే హక్కు. నేర్పు ఉన్నవాడు అదే బిళ్ళతో గంటసేపు నిలబడగలడు, లేనివాడు నిమిషంలో ఇంటికి పోతాడు. వ్యాపారికి ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఆటగాళ్ళందరూ నేర్పు సంపాదిస్తే పెట్టె నిండదు. కాబట్టి ఆట పోనుపోను కష్టం కావాలి. స్పేస్ ఇన్వేడర్స్‌లో ఇది కొంతవరకు తనంత తానే జరిగింది. ఐదు వరుసలలో పదకొండు చొప్పున యాభై ఐదు శత్రువులు తెర మీద ఉంటాయి. అన్నిటినీ కదిలించడం ఆనాటి ప్రాసెసరుకు భారం. కొన్ని చచ్చేకొద్దీ భారం తగ్గి, మిగిలినవి వేగం పుంజుకుంటాయి. చిట్టచివరిది పిచ్చెత్తినట్టు పరుగెడుతుంది. యంత్రపు బలహీనత వలన పుట్టిన ఈ గుణాన్ని నిషికాదో సరిదిద్దకుండా ఉంచేశాడు. గెలుపుకు దగ్గరవుతున్న కొద్దీ గుండె వేగం పెరిగే ఆ అనుభవం తర్వాతి ఆటలన్నిటికీ వారసత్వంగా దక్కింది.

ఈ ఆట వలన జపానులో వంద యెన్ల బిళ్ళలకు కరువు వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. చదవడానికి బాగుంటుంది గాని దానికి ఆధారం లేదు.

వ్యాపారికి ఇంకొక సాధనం కూడా ఇచ్చారు. ఈ పెట్టెలను వెనుక తలుపు తీసి చూస్తే లోపలి పలక మీద వేలిగోరంత మీటల వరుస కనిపిస్తుంది. వాటిని డిప్ స్విచ్‌లంటారు. స్పేస్ ఇన్వేడర్స్‌లో ప్రాణాలు మూడు మొదలు ఆరు వరకు ఎన్ని ఉండాలో వాటితోనే నిర్ణయించవచ్చు. గెలాక్సియన్‌లో రెండా, మూడా అన్నది ఒక మీట పని. ఎన్ని అంకెలు సాధిస్తే అదనపు ప్రాణం ఇవ్వాలో కూడా అక్కడే నిర్ణయమవుతుంది. అంటే జాతర వారం మా అంగడి అన్న చేసినది మోసమో, మరమ్మతో కాదు. ఆయన చేత నియమం మార్చించడానికి తయారీదారే ఒక మీటను అమర్చి పంపాడు. జపానులో ఉన్న ఇంజినీరుకు ఎమ్మిగనూరు జాతర సంగతి తెలియదు. జాతరల వంటివి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయని మాత్రం తెలుసు.

ఆటగాళ్ళు కూడా ఊరుకోలేదు. 1979లో అటారీ సంస్థ నుండి లైల్ రెయిన్స్, ఎడ్ లాగ్ తయారుచేసిన ఆస్టరాయిడ్స్ వచ్చింది. అందులో అన్ని బండలనూ పగలగొట్టకుండా ఒక చిన్నదానిని మిగిల్చి, అప్పుడప్పుడు వచ్చే పళ్ళేలను మాత్రమే వేటాడుతూ అంకెలు పెంచుకోవచ్చని ఆటగాళ్ళు కనిపెట్టారు. ఒక్క బిళ్ళతో గంటలు గడిచాయి. వ్యాపారులు మొత్తుకున్నారు. 1981లో వచ్చిన ఆస్టరాయిడ్స్ డీలక్స్‌లో పళ్ళేలు గురిపెట్టి కాల్చడం నేర్చుకుని ఆ వాలకాన్ని అరికట్టాయి. షావుకారు పోగులు పెంచడానికీ దీనికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను.

అదే 1981లో నామ్కో తెచ్చిన గెలాగాలో ఒక చిన్న వింత ఉంది. మధ్యమధ్య 'ఛాలెంజింగ్ స్టేజ్' అనే ఘట్టం వస్తుంది. పురుగులు విన్యాసాలు చేస్తూ పోతాయే తప్ప కాల్చవు, దాడి చేయవు. ఎన్నిటిని కొడితే అన్ని అంకెలు. అది ప్రాణభయం లేని అరనిమిషం. ఒకే ఆటలో, ఒకే పురుగులతో, మరొక నియమం. ఆ విత్తనం మొలకెత్తడానికి బిళ్ళ పోవలసి వచ్చింది.

* * *

బిళ్ళ మొదట ఇంటి టీవీ దగ్గర పోయింది. 1980లో అటారీ వారు స్పేస్ ఇన్వేడర్స్‌ను ఇంటి యంత్రానికి కాసెట్‌గా తెచ్చారు. కాసెట్ మీద పేరు ఒకటే గాని అందులో 112 ఆటలున్నాయి. కదిలే రక్షణగోడలు, వంకరగా పడే బాంబులు, కనిపించని శత్రువులు, ఇద్దరు కలిసి ఆడే రకాలు, వీటినన్నిటినీ కలిపి విడదీసి తయారుచేసిన 112 పద్ధతులు. అంగడిలో ఒక్క నియమం చాలు, ఎందుకంటే వచ్చినవాడు త్వరగా పోవాలి. ఇంట్లో కాసెట్ ఒకసారే అమ్ముడుపోతుంది, కొన్నవాడు నెలల తరబడి విసుగు చెందకుండా ఉండాలి. అందుచేత నియమాలు పెరిగాయి. ఇవాళ మనం 'గేమ్ మోడ్' అనేదానికి ఇదొక తొలి రూపం. తెలుగులో 'ఆట పద్ధతి' అందాము.

మా సీమకు ఆ ఇంటి యంత్రాలు నేరుగా రాలేదు. 1983లో జపానులో వచ్చిన నింటెండో వారి ఫ్యామికామ్‌కు నకళ్ళుగా తయారైన చవక యంత్రాలు 1990వ దశకంలో వచ్చాయి. వాటిని మేము 'టీవీ గేమ్' అన్నాము. నేను ఇంటర్మీడియట్‌కు ఆదోని వెళ్ళేసరికి, పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఒక అంగడిలో నాలుగు టీవీలు, నాలుగు టీవీ గేములు పెట్టి అద్దెకు ఇచ్చేవారు. అరగంటకు మూడు రూపాయలు.

ఇక్కడ లెక్క మళ్ళీ మారింది. డబ్బు కొనేది అరగంటను. ప్రాణాలు అయిపోతే రీసెట్ నొక్కితే చాలు. పురుగుల ఆటలో ప్రాణానికి విలువ పోయింది, క్షణానికి విలువ వచ్చింది. ఎమ్మిగనూరులో భయపడుతూ, మూలన దాక్కుంటూ ఆడిన నేనే ఆదోనిలో తెగించి ముందుకు దూకేవాడిని. ఆట అదే, నా స్వభావం మారింది. ఇది నాకు చిత్రంగా తోచేది.

ఆ అంగడిలోని కాసెట్ల మీద '64 ఆటలు', '9999 ఆటలు' అని రాసి ఉండేది. పట్టీలో కిందికి దిగితే నిజమైన ఆటలు కొన్నే ఉండేవి. మిగిలినవన్నీ అవే ఆటలు, ఒకటి ఐదవ అంచె నుండి మొదలయ్యేది, ఇంకొకటి ఎక్కువ ప్రాణాలతో మొదలయ్యేది. దొంగ కాసెట్లు చేసినవాడి ఉద్దేశం మోసమే. అయినా ఒక ఆటను రెండు మూడు చోట్ల మార్చి కొత్త ఆట అని చెప్పుకోవచ్చునని అతడు కూడా తన పద్ధతిలో గ్రహించాడు. అటారీ వారి 112కూ, ఆదోని 9999కూ మధ్య దూరం నేను అనుకున్నంత లేదు.

తర్వాత కాసెట్ కూడా పోయింది. ఫోను తీగ గుండా ఆటలను దించుకునే ప్రయత్నం 1983లోనే అమెరికాలో గేమ్‌లైన్ అనే పేరుతో జరిగింది. దించుకున్న ఆట కొన్నిసార్లు ఆడాక పనిచేయడం మానేసేది. ఆ వ్యాపారం నిలువలేదు గాని దానిని నడిపిన సంస్థ వేషం మార్చుకుని అమెరికా ఆన్‌లైన్ అయింది. నేను అంతర్జాలం నుండి ఆటను దించుకోవడం మొదటిసారి చూసినది కర్నూలులో, నెట్ సెంటరులో. ఆ ఆట పేరు చికెన్ ఇన్వేడర్స్. గ్రీసు దేశస్థుడు కాన్‌స్టాంటినోస్ ప్రూస్కాస్ 1999లో విడుదల చేసినది. పురుగుల స్థానంలో కోళ్ళు, బాంబుల స్థానంలో గుడ్లు. నిషికాదో పేర్చిన వరుసలు ఇరవై ఏళ్ళ తర్వాత రెక్కలు కొట్టుకుంటూ కర్నూలుకు వచ్చాయన్నమాట.

* * *

ఇప్పుడు 2008. నేను ఉద్యోగరీత్యా బెంగుళూరులో ఉన్నాను. నా గదిలోని మిత్రుడు ఎక్స్‌బాక్స్ 360 కొన్నాడు. జూలై నెలాఖరున అతడు దించుకున్న ఆట పేరు జామెట్రీ వార్స్: రెట్రో ఇవాల్వ్‌డ్ 2. అంగడిలో డిస్కుగా దొరకదు, దించుకోవడమే దారి. అమెరికా లెక్కలో పది డాలర్లు.

దీని పుట్టుక కూడా చెప్పదగినదే. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో బిజార్ క్రియేషన్స్ అనే సంస్థ ఉండేది. మా ఆదోని లాగే పత్తి వ్యాపారంతో ఎదిగిన ఊరు లివర్‌పూల్. అక్కడ స్టీఫెన్ కేక్‌బ్రెడ్ అనే ప్రోగ్రామరు ఆటమీటలను పరీక్షించడానికి ఒక చిన్న ఆట రాసుకున్నాడు. 2003లో వారు విడుదల చేసిన కారు పందెం ఆట ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ 2లో దానిని గరాజులోని ఒక పెట్టెలో దాచిపెట్టారు. జనం కార్లు వదిలి దానినే ఆడసాగారు. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు అది విడిగా వచ్చింది, 2008లో దాని తర్వాతి భాగం.

తెర మీద గళ్ళ కాగితం వంటి చతురస్రం. మన నౌక ఒక గీత బొమ్మ. శత్రువులు త్రిభుజాలు, చతురస్రాలు, వృత్తాలు. ఎడమచేతి మీటతో కదలాలి, కుడిచేతి మీటతో ఏ దిక్కుకైనా కాల్చాలి. ఈ రెండు మీటల పద్ధతిని 1982లో యూజీన్ జార్విస్, లారీ డిమార్ తమ రోబోట్రాన్: 2084తో ప్రసిద్ధికి తెచ్చారు. చచ్చిన శత్రువు ఆకుపచ్చని తునకలను వదులుతుంది. వాటిని మాయమయ్యేలోగా ఏరుకుంటే అంకెల గుణకం పెరుగుతుంది. కాబట్టి దూరంగా నిలబడి కాల్చేవాడికి లాభం లేదు, చంపినచోటికే వెళ్ళాలి.

ఈ ఆటలో ఆరు పద్ధతులున్నాయి. బొమ్మలు దాదాపు ఒకటే, నియమాలు వేరు.

మొదటిది డెడ్‌లైన్. మూడు నిమిషాలు. ఎన్నిసార్లు చచ్చినా పరవాలేదు.

రెండవది కింగ్. ఒకటే ప్రాణం. తెర మీద అక్కడక్కడ వలయాలు ఏర్పడతాయి. వలయంలో ఉన్నప్పుడే కాల్చగలం. శత్రువు అందులోకి రాలేదు. మనం అడుగుపెట్టిన క్షణం నుండి ఆ వలయం కుంచించుకుపోతుంది. సురక్షితమైన చోటు ఉంటుంది గాని అక్కడ నిలువనీరు.

మూడవది ఇవాల్వ్‌డ్. లెక్క పెట్టిన ప్రాణాలు, లెక్క పెట్టిన బాంబులు. పాత అంగడి ఆట.

నాలుగవది పాసిఫిజం. మనకు ఆయుధం లేదు. నీలిరంగు శత్రువులు గుంపుగా వెంటపడతాయి. తెర మీద రెండు కొనలున్న ద్వారాలు తిరుగుతుంటాయి. వాటి మధ్యగా దూరిపోతే ద్వారం పేలి, వెనుక వచ్చే గుంపును కూల్చుతుంది. కొన తగిలితే మనమే పోతాము.

ఐదవది వేవ్స్. అంచుల నుండి బారులుగా రాకెట్లు నిలువునా అడ్డంగా దూసుకువస్తాయి. ఒకటే ప్రాణం. ఆ బారులు చూసినప్పుడల్లా నాకు పడుగు, పేక గుర్తుకు వస్తాయి.

ఆరవది సీక్వెన్స్. ఇరవై అంచెలు, ఒక్కొక్కదానికి ముప్పై సెకన్లు. ఎక్కడ ఏ శత్రువు వస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది. అదృష్టానికి తావు లేదు, పాఠం అప్పగించినట్టు ఆడాలి.

మొదటి మూడు, నాలుగు రోజులు వీటిని ఆరు ఆటలనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇవి ఆరు ప్రశ్నలు. ముప్పై ఏళ్ళుగా ఈ జాతి ఆటలు ప్రశ్నించకుండా మోసుకువస్తున్న ఒక్కొక్క నియమాన్నీ తీసి పక్కన పెట్టి, ఇది లేకుంటే ఏమవుతుందని అడిగినట్టుంది. చావుకు ఖర్చు లేకుంటే? ఎక్కడపడితే అక్కడ కాల్చే హక్కు లేకుంటే? అసలు తుపాకే లేకుంటే? బిళ్ళపెట్టె నింపవలసిన అవసరం ఉన్నంతకాలం ఈ ప్రశ్నలు అడగడం కష్టం. డబ్బు ముందే చెల్లిపోయింది కనుక ఇక ఎవరినీ త్వరగా చంపి పంపవలసిన పని లేదు.

పాసిఫిజం పుట్టుకలో ఆటగాడికి కూడా భాగముంది. 2005 నాటి ఆటలో ఒక్కసారి కూడా కాల్చకుండా అరవై సెకన్లు బతికితే ఒక పతకం ఇచ్చేవారు. దాని పేరే పాసిఫిజం. కాల్చే ఆటలో కాల్చకపోవడం ఒక వేడుకగా మొదలై, 2008లో సొంత నియమాలున్న ఆటగా ఎదిగింది.

అంకెల పలకను కూడా వారు మరచిపోలేదు. అంగడి పెట్టెలో మన పేరు పక్కవీధి కుర్రవాడి పేరు కింద ఉండేది. ఇక్కడ ఆడుతుండగానే మూలన మిత్రుని పేరు, అతడి అంకె కనిపిస్తుంది. దానిని దాటితే ఆ పైవాడి పేరు వస్తుంది. జనం గుమిగూడిన రేకుల గదిని తీగ గుండా పంపినట్టు అనిపించింది నాకు.

* * *

ఆ ఏడాది చివర నాయన కంటి ఆపరేషనుకు బెంగుళూరు వచ్చాడు. కట్టు విప్పిన తర్వాత వారం రోజులు గదిలోనే ఉన్నాడు. ఒక సాయంత్రం నేను ఆడుతుంటే వెనుక కుర్చీలో కూర్చుని చూశాడు. కొంతసేపటికి అడిగాడు.

"రూపాయికి ఎన్ని ఇస్తాడురా దీంట్లో?"

పదహారు, పదిహేడేళ్ళ తర్వాత అదే ప్రశ్న. ఆయనకు జాతర గుర్తుందో, లేక ఆట అంటే అడగవలసిన మొదటి ప్రశ్న ఆయన దృష్టిలో ఇదేనో నాకు తెలియలేదు.

"దీంట్లో లెక్క లేదు నాయనా. మూడు నిమిషాలు, ఎన్నిసార్లు పోయినా మళ్ళీ ఇస్తాడు."

"అట్లయితే దినకూలి."

ఇవాల్వ్‌డ్ చూపించాను. ఇన్ని ప్రాణాలే, అయిపోతే అయిపోయినట్టే అని చెప్పాను. "ఇది చీర లెక్కన కూలి. తప్పు పోతే మన నెత్తినే" అన్నాడు. నేను ముప్పై ఏళ్ళ చరిత్ర చదివి తెలుసుకున్నదానిని ఆయన రెండు మాటలలో తేల్చేశాడు.

తర్వాత పాసిఫిజం పెట్టాను. తుపాకి ఏదని అడిగాడు. లేదన్నాను. నౌక పరుగెడుతోంది, వెనుక నీలి గుంపు పెరుగుతోంది, అది ఒక్కొక్క సందులోంచి దూరి బయటపడుతోంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను చచ్చిపోయి మీట కింద పెట్టాక, "ఇట్లే గదరా మేం బతికింది" అన్నాడు. ఆ పైన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

* * *

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. బిజార్ క్రియేషన్స్ 2011 ఫిబ్రవరిలో మూతపడింది. అక్కడ పనిచేసినవారిలో కొందరు స్థాపించిన లూసిడ్ గేమ్స్ 2014లో జామెట్రీ వార్స్ 3ను తెచ్చింది. మేము ఆ ఆటను దించుకున్న ఎక్స్‌బాక్స్ 360 అంగడిని 2024 జూలై 29న మూసివేశారు. అంతకుముందు కొనుక్కున్నవారు తమ ఆటను మళ్ళీ దించుకోవచ్చు గాని ఆ యంత్రం మీద కొత్తగా కొనడానికి వీలులేదు. రేకుల గది మూతపడినప్పుడు కనీసం పెట్టెలు మిగిలాయి, ఎవరో తీసుకుపోయారు. ఈ అంగడి మూతపడినప్పుడు ఎత్తుకుపోవడానికి పెట్టె కూడా లేదు.

బిళ్ళ పోయిందని నేను సంతోషించినది కూడా తొందరపాటే. 2012లో క్యాండీ క్రష్ సాగా ఫోనులోకి వచ్చింది. ఆడటం ఉచితం. ప్రాణాలు ఐదు. ఒకటి పోతే తిరిగి రావడానికి అరగంట పడుతుంది, ఆగలేకపోతే డబ్బు కట్టవచ్చు. ప్రాణానికి వెల మళ్ళీ వచ్చింది, ఈసారి సమయంతో జోడు కట్టి. ఎమ్మిగనూరు లెక్క, ఆదోని లెక్క ఒకే తాడుగా పేనినట్టుంది. ఆ మీట మా అంగడి అన్న పెట్టె వెనుక లేదు, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరులో ఉంది. జాతర వారం అది మారిందని ఎవరిని అడగాలో కూడా తెలియదు. అంగడి అన్న కనీసం అడిగితే సమాధానం చెప్పాడు.

అందుకే ఆ చిన్న ఆటను నేను గొప్పగా తలుస్తాను. బిళ్ళకూ, ఫోనుకూ మధ్య ఉన్న కొద్ది సంవత్సరాలలో, ఒకసారి వెల చెల్లించి ఆటను సొంతం చేసుకోగలిగిన కాలంలో, నియమాలను లాభం కోసం కాక కుతూహలం కోసం మార్చి చూసిన కొందరు ఉన్నారు. ఆ ఆరు పద్ధతులు అందుకు సాక్ష్యం.

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు ఆ సందులోకి వెళ్ళి చూశాను. రేకుల గది ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. మెట్ల మీద ఇద్దరు పిల్లలు ఒకే ఫోను మీదికి వంగి ఏదో ఆడుతున్నారు. ఎన్ని ప్రాణాలు మిగిలాయని అడిగాను. పెద్దవాడు తల ఎత్తకుండానే, "అయిపోయినాయి అన్నా, ఇంకా ఇరవై నిముషాలు ఉండాల" అన్నాడు.

మిత్రులకొక మనవి. మన ఊళ్ళలోని వీడియో గేమ్ గదుల గురించి ఎవరూ రాసిపెట్టలేదు. ఏ ఊళ్ళో ఏ ఆటను ఏమని పిలిచారో, రూపాయికి ఎన్ని ప్రాణాలు ఇచ్చారో మనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మీ ఊరి లెక్క ఎంతో చెప్పగలరు.